పద్నాలుగు టికెట్లు

డిపోలో ఆయన్ని అసలు పేరుతో పిలిచేది హాజరు రాసే గుమాస్తా ఒక్కడే. మిగతా అందరికీ ఆయన నిదానంగారు. ముప్పై ఒక్క ఏళ్ళుగా సిటీ బస్సు నడుపుతున్నా ఒక్క సైకిలుకి గీత పడనివ్వలేదు. మెట్టు మీద కాలుంచి ఎక్కలేక అవస్థ పడే ముసలమ్మ పూర్తిగా లోపలికొచ్చి సీటు చూసుకునేదాకా గేరు వేసేవాడు కాదు. "గురువుగారి బస్సెక్కితే ఉద్యోగంలో చేరడానికి బయల్దేరినవాడు రిటైరయ్యే టైముకి ఆఫీసుకి చేరతాడు" అని కుర్ర డ్రైవర్లు నవ్వేవాళ్ళు. ఆయనా వాళ్ళతోపాటు నవ్వేవాడు.

అలాంటి మనిషి ఒక ఎండాకాలం పొద్దున డిపో వరండాలో దభీమని పడిపోయాడు.

ఆ రోజు బస్సుకి టైరు మారుస్తున్నారని ముప్పావుగంట బెంచీ మీద కూర్చున్నాడు. బండి సిద్ధమైందని కేక వినబడగానే గబుక్కున లేచి, సంతకం పెట్టడానికి రిజిస్టరు దగ్గరికి నాలుగడుగులు వేశాడు. పెన్ను చేతిలోకి తీసుకున్నంతవరకే గుర్తు. కళ్ళు తెరిచేసరికి సిమెంటు నేల చెంపకి చల్లగా తగులుతోంది. చుట్టూ బూట్లు, చెప్పులు. "ఫిట్స్! చేతులు కొట్టుకున్నాయి, నేను కళ్ళారా చూశా!" అని ఎవరో అరుస్తున్నారు.

డ్రైవర్లని చూసే ఆస్పత్రిలో ఆయన తలకి వైర్లు అతికించి మెదడు గీతలు తీశారు. డ్యూటీ డాక్టరు ఆ కాగితాన్ని కిటికీ వెలుతురుకి పట్టి చూశాడు. తలుపు బయట ఇంకో నలభై మంది దగ్గుతూ, మూలుగుతూ కాచుకుని ఉన్నారు.

"గీతల్లో తేడా ఉందండీ. ఇది మూర్ఛే. మందు రాస్తాను, ఒక్కరోజు కూడా మానకండి. స్టీరింగు మాత్రం ఇక ముట్టుకోకూడదు."

డాక్టరు మాటలో కఠినం ఏమీ లేదు. పెద్దాయన భుజం తట్టాడు కూడా. కానీ ఆ మాట విన్నాక నిదానంగారికి తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, మళ్ళీ తీసి, కుర్చీ అంచుని పట్టుకున్నాడు.

డిపో మేనేజరు మంచివాడు కాబట్టి ఇంటికి పంపలేదు. పోయిన వస్తువుల కౌంటర్లో కూర్చోబెట్టాడు. బస్సుల్లో జనం మర్చిపోయినవన్నీ అక్కడికి చేరతాయి. గొడుగులు, భోజనం డబ్బాలు, కళ్ళజోళ్ళు, ఒంటి చెప్పులు, ఒకసారి ఏకంగా ఒక కుట్టుమిషను. మనిషి కుట్టుమిషను మర్చిపోయి ఎలా దిగుతాడో నిదానంగారికి అంతుపట్టలేదు. ఒక్కో వస్తువుకీ చీటీ కట్టి, తేదీ రాసి, అడిగి వచ్చినవాళ్ళకి అప్పగించడం ఆయన పని. కిటికీలోంచి తన బస్సు బయటికి వెళ్ళడం కనిపించేది. కొత్త డ్రైవరు మలుపులో క్లచ్చి తొక్కే తీరు వింటే ఆయన పళ్ళు పులిసినట్టయ్యేవి.

ఇంట్లో ముగ్గురే మనుషులు. ఆయన, లిఫ్టులు బాగుచేసే కొడుకు, బేరింగుల ఫ్యాక్టరీలో తనిఖీ విభాగం చూసే కోడలు. భార్య పోయి నాలుగేళ్ళయింది. తండ్రికి మూర్ఛ అనగానే కొడుకు గుండెల్లో రాయి పడింది. ఆ సాయంత్రమే స్క్రూడ్రైవరు తెచ్చి బాత్రూం తలుపు గడియ ఊడదీశాడు.

"లోపల పడిపోతే తలుపు బద్దలుకొట్టాల్సొస్తుంది నాన్నా. ఏమనుకోకు."

అనుకోవడానికి ఏముంది, ప్రేమకొద్దీ చేసిన పనే. కానీ ఆ గడియ పోవడం పెద్దాయనకి స్టీరింగు పోవడంకన్నా ఒకందుకు ఎక్కువ బాధైంది. దానికి కారణం ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఏడాదిగా ఆయనకి మూత్రం ఇబ్బంది ఉంది. మాటిమాటికీ వెళ్ళాలనిపిస్తుంది. వెళితే చాలాసేపు నిలబడాలి. భార్య ఉండుంటే ఆవిడే పసిగట్టి, నాలుగు చివాట్లు పెట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేది. ఆవిడ లేదు. కొడుకుతో చెప్పాలంటే నోరు పెగల్లేదు. కోడలి ఎదుట ఆ మాటెత్తడం ఆయన ఊహకి కూడా అందని సంగతి. చివరికి ఊరికి అటు చివర ఉన్న ఒక డాక్టరు దగ్గరికి, టోపీ కిందికి లాక్కుని, తన రూటు కాని బస్సులో దొంగలా వెళ్ళి చూపించుకున్నాడు. ఆ డాక్టరు ఒక మాత్ర రాసి, పడుకునేముందు వేసుకోమన్నాడు. కానీ పడుకునేముందు కోడలు మంచినీళ్ళు తెచ్చి మంచం పక్కన పెడుతుంది. "ఇదేం మాత్ర మావయ్యగారూ?" అని అడక్క మానదు. అందుకని ఆ మాత్రల పట్టీని కళ్ళజోడు పెట్టెలో దాచి, పొద్దున్నే డిపోకి వెళ్ళాక, పరగడుపున, నలుగురూ చూడకుండా వేసుకున్నాడు. అలా రెండు రోజులే వేసుకున్నాడు. ఆ రెండో రోజే పడిపోయాడు.

ఆస్పత్రిలోంచి వచ్చాక కళ్ళజోడు పెట్టెని పాత యూనిఫారాల కింద తోసేశాడు. తలకి మాత్రలు మింగుతున్నది చాలదా, ఇవి కూడానా అనుకున్నాడు. దానికీ దీనికీ సంబంధం ఉంటుందన్న ఆలోచనే ఆయనకి రాలేదు. తల పైన, అది కింద. మధ్యలో ఇంత మనిషి ఉన్నాడు. ఇక గడియ లేని బాత్రూంలో ఆయన గట్టిగా దగ్గుతూ, కూనిరాగాలు తీస్తూ నిలబడేవాడు.

మూడు నెలలు గడిచాయి. మళ్ళీ పడలేదు. "చూశారా, మందు పనిచేస్తోంది" అన్నాడు డ్యూటీ డాక్టరు. పనిచేస్తోందేమో గానీ, ఆ మందుతో మనిషి మాత్రం మనిషిగా లేడు. కళ్ళు మూతలు పడేవి. నడుస్తుంటే నేల మెత్తగా ఉన్నట్టుండేది. ఒకరోజు టీ కప్పు చేతిలోంచి జారి పగిలితే, ముక్కలవైపు చూస్తూ అలాగే కూర్చున్నాడు. కోడలు వచ్చి ఏరింది. ఏరుతూ ఏరుతూ తలెత్తి ఆయన ముఖంలోకి చూసింది.

ఆ సాయంత్రం భర్తతో అంది. "ఒక్కసారి పడ్డారు. ఒక్క పరీక్ష చేశారు. మా దగ్గర ఒక బేరింగుని కూడా ఒక్క పరీక్షతో పారెయ్యం."

"నాన్నేమన్నా బేరింగా?"

"బేరింగుకే అంత చూస్తే మనిషికి ఎంత చూడాలి?"

పక్కగదిలో ఉన్న నిదానంగారికి అన్నీ వినిపించాయి. ముప్పై ఏళ్ళు కూడా లేని పిల్ల, తన కోసం అలా గొంతు పెంచడం విని ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మసకేమీ లేదు దానికి.

నరాల డాక్టరు దగ్గరికి కోడలే తీసుకెళ్ళింది. ఆ డాక్టరు జుట్టు సగం నెరిసిన ఆవిడ. కాగితాలన్నీ తిరగేసి, గీతల్ని మాత్రం చాలాసేపు చూసింది.

"డాక్టరుగారూ, ఒక్క మాట అడగొచ్చా?" అంది కోడలు. "ఈ వయసులో, మొదటిసారి ఇలా పడిపోయినవాళ్ళు వందమంది మీ దగ్గరికొస్తే, అందులో నిజంగా మూర్ఛ ఉన్నవాళ్ళు ఎంతమంది ఉంటారు?"

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "అందరూ ఉందా లేదా అనే అడుగుతారు. ఇలా ఎవరూ అడగరు." వేళ్ళ మీద ఏదో లెక్కేసుకుంది. "నా దగ్గరికొచ్చేవాళ్ళని బట్టి చెప్పాలంటే, ఉజ్జాయింపుగా పదిమంది అనుకోండి."

"ఆ పదిమందినీ ఈ గీతల పరీక్ష పట్టుకుంటుందా?"

"ఒక్కసారి తీస్తే సగంమందిని పట్టుకుంటే గొప్ప."

"మరి ఏమీ లేనివాళ్ళకి కూడా తేడా చూపిస్తుందా?"

"చూపిస్తుంది. నిద్రమత్తులో ఉన్నా, చూసేవాళ్ళు హడావిడిలో ఉన్నా తేడాగా అనిపిస్తుంది. పదిమందిలో ఒకరికి అనుకోండి. ఇవేవీ రాతిమీద గీతలు కావు, నా అంచనాలు."

కోడలు చేతి సంచిలోంచి చిన్న పుస్తకం తీసి మూడు అంకెలూ రాసుకుంది. డాక్టరమ్మ పెద్దాయన వైపు తిరిగింది. "పడకముందు ఒంట్లో ఎలా ఉంది? ఏమన్నా గుర్తుందా?"

"లేదండీ. పెన్ను పట్టుకున్నా, అంతే."

"అప్పుడు వేరే మందులేమన్నా వాడుతున్నారా?"

ఆయన కోడలి వైపు చూశాడు. ఆ పిల్ల పెన్ను పట్టుకుని శ్రద్ధగా ఎదురుచూస్తోంది. ఆయన చెవులు వేడెక్కాయి.

"లేవండీ" అన్నాడు.

"సరే. మాత్రలు మీ అంతట మీరు ఆపకండి, అది ప్రమాదం. ఈ గీతలు ఇంకొకరికి కూడా చూపిస్తాను. ఈలోగా మీరు పడిపోతున్నప్పుడు చూసినవాళ్ళెవరన్నా ఉంటే కనుక్కోండి. పడ్డాక కాదు, పడుతున్నప్పుడు. పది రోజుల్లో రండి."

మర్నాడు కోడలికి సెలవు. మధ్యాహ్నం భోజనం డబ్బా పట్టుకుని కౌంటరు దగ్గరికి వచ్చింది. ఆయన తింటున్నంతసేపూ చుట్టూ చూస్తూ కూర్చుంది. అరలో ఒక పాత టికెట్ల కట్ట ఉంది. రేట్లు మారాక పనికిరాకుండా పోయినవి.

"ఇందులో ఎన్నుంటాయి మావయ్యగారూ?"

"కట్టకి వంద. లెక్కపెట్టక్కర్లేదు."

"అయితే వీళ్ళు మీలా పడిపోయిన వందమంది" అంటూ కౌంటరు బల్ల మీద పది టికెట్లు చింపి ఒక పక్కన పెట్టింది. "వీళ్ళకి నిజంగా జబ్బుంది. ఇదిగో, పరీక్ష ఇందులో సగంమందినే పట్టుకుంది. ఐదు."

ఐదు టికెట్లు ముందుకి జరిపింది. ఆయన డబ్బా మూత పెట్టేసి బల్ల మీదికి వంగాడు.

"మిగతా తొంభైమందికీ జబ్బు లేదు. కానీ పదిమందిలో ఒకరికి గీతలు తేడాగా కనిపిస్తాయన్నారు కదా. తొంభైలో ఎంతమందవుతారు?"

"తొమ్మిది."

తొమ్మిది టికెట్లు చింపి ఆ ఐదింటితో కలిపింది. "ఇప్పుడు 'గీతల్లో తేడా ఉంది' అనిపించుకున్నవాళ్ళు మొత్తం పద్నాలుగు. ఇందులో నిజంగా జబ్బున్నవాళ్ళు?"

"ఐదుగురు." ఆయన గొంతు తగ్గిపోయింది. "అంటే లేనివాళ్ళే ఎక్కువా?"

"ఎక్కువే. మా ఫ్యాక్టరీలోనూ ఇంతే. మిషను పనికిరావని పక్కన పడేసిన బేరింగుల్ని మళ్ళీ చూస్తే సగానికి పైగా మంచివే తేలతాయి. మిషను తప్పు కాదది. మంచివి అన్ని వేలు ఉన్నప్పుడు, వాటిలో కాసిన్ని పొరపాటున ఇటు పడినా కుప్పైపోతుంది."

నిదానంగారు ఆ పద్నాలుగు టికెట్ల వైపు చాలాసేపు చూశాడు. వేలితో ఒక్కొక్కటీ కదిపాడు.

"మరి ఇందులో నేనెవర్ని తల్లీ?"

అబద్ధం చెప్పి ఓదార్చడం కోడలికి చేతకాదు. "అది ఈ లెక్క చెప్పదు మావయ్యగారూ. కానీ డాక్టరు ఆ రోజు రాసినంత ఖాయం మాత్రం కాదు. ఇంకా ఏదో తెలిస్తేనే ఇందులోంచి టికెట్లు తీసెయ్యగలం."

సరిగ్గా అప్పుడే ఎవరో మర్చిపోయిన గొడుగు అప్పగించడానికి కండక్టరమ్మ వచ్చింది. నిదానంగారితో పదేళ్ళు ఒకే బస్సులో తిరిగిన మనిషి. బల్ల మీద టికెట్లు పరిచి ఉండడం చూసి, "ఏంటన్నా, మామా కోడళ్ళు పేకాటలోకి దిగారా?" అంది.

కోడలు నవ్వి సంగతి చెప్పింది. ఆయన పడుతున్నప్పుడు చూసినవాళ్ళెవరన్నా ఉన్నారా అని అడిగింది.

"నేనే చూశాను. పక్కనే ఉన్నాగా! లేవగానే ముఖం సున్నం కొట్టిన గోడలా పాలిపోయింది. చొక్కా అంతా చెమట. 'ఏంటమ్మా, లైట్లు ఆర్పేశారేంటి' అన్నాడు. పట్టపగలు లైట్లేంటన్నా అనేలోపే మోకాళ్ళు మెల్లిగా మడతపడి కిందికి జారిపోయాడు. చేతులు రెండు మూడుసార్లు అదిరాయి. నిమిషం కూడా కాలేదు, కళ్ళు తెరిచి 'బండి లేటవుద్ది, నన్ను లేపండి' అన్నాడు."

"ఈ మాట ఆస్పత్రిలో చెప్పలేదా అక్కా?"

"నన్నెవరు అడిగారు? ఫిట్స్ అని అరిచినోణ్ణే అడిగారు. వాడొచ్చేసరికి అన్న నేలమీదున్నాడు."

నిదానంగారు నోరు తెరుచుకుని వింటున్నాడు. లైట్లు ఆర్పేశారా అని తను అడిగినట్టు ఆయనకే తెలియదు.

కోడలు అక్కడికక్కడే డాక్టరమ్మకి ఫోను చేసింది. విని, రాసుకుని, మళ్ళీ బల్ల దగ్గరికొచ్చింది. "మూర్ఛ ఉన్న ఐదుగురిలో ఇలా పాలిపోయి, చూపు మసకబారి, మెల్లిగా జారి, వెంటనే తెలివొచ్చేవాళ్ళు మహా అయితే ఒక్కరట." నాలుగు టికెట్లు తీసేసింది. "మామూలుగా కళ్ళు తిరిగి పడ్డ తొమ్మిదిమందిలో ఏడుగురు ఇలాగే పడతారట." ఇటునుంచి రెండు తీసేసింది. బల్ల మీద ఎనిమిది మిగిలాయి.

"ఎనిమిదిలో ఒకటి" అన్నాడు ఆయన.

"అవును. కానీ అసలు ఎందుకు కళ్ళు తిరిగాయో తెలియాలన్నారు డాక్టరుగారు. కారణం దొరక్కపోతే, డ్రైవర్లు మళ్ళీ బండెక్కొచ్చో లేదో తేల్చే మెడికల్ బోర్డు వాళ్ళు ఒప్పుకోరట. మనం చెప్పిన సంగతుల మీదే కదా ఈ లెక్కంతా. ఏ చిన్న సంగతైనా సరే, గుర్తుచేసుకోండి మావయ్యగారూ."

ఆ తర్వాత రెండు రోజులూ ఆయనకి అన్నం సయించలేదు. సంబంధం ఉందో లేదో తెలియదు. ఉంటే? ఆ పిల్ల తన సెలవురోజు మానుకుని, టికెట్లు చింపి, డాక్టర్లకి ఫోన్లు చేసి ఇంత తాపత్రయపడుతుంటే, తను ఆమె ఎదుటే కూర్చుని అబద్ధం చెప్పాడు. ముఖాముఖీ చెప్పాలంటే మాత్రం, పాతికేళ్ళ కుర్రాడికి ఉండే సిగ్గు యాభై ఎనిమిదేళ్ళ మనిషిని పట్టుకుంది.

ఆదివారం పొద్దున కోడలు డాబా మీద బట్టలు ఆరేస్తోంది. పెద్ద దుప్పటి ఒకటి తీగ మీద పరిచి, క్లిప్పులు పెడుతోంది. నిదానంగారు మెట్లెక్కి వచ్చి దుప్పటికి ఇవతల నిలబడ్డాడు. ఆయనకి కోడలి పాదాలు, బకెట్టు మాత్రమే కనిపిస్తున్నాయి.

"అమ్మాయ్."

"మావయ్యగారూ, ఎండలో ఎందుకొచ్చారు?"

"ఇటు రాకు. అక్కడే ఉండు. నేను చెప్పేది అయ్యేదాకా దుప్పటి తియ్యకు."

అవతల చప్పుడు ఆగింది. ఆయన గొంతు సవరించుకున్నాడు. ఒకసారి కాదు, మూడుసార్లు.

"ఆ రోజు డాక్టరమ్మ అడిగితే వేరే మందు లేదన్నానే. ఉంది. మూత్రానికి. ఏడాదిగా ఇబ్బందిగా ఉంటే, మీకెవరికీ చెప్పకుండా వెళ్ళి రాయించుకున్నా. పడుకునేముందు వేసుకోమంటే, నువ్వు చూస్తావని పొద్దున్నే డిపోలో వేసుకున్నా. రెండు రోజులే. రెండో రోజు పడ్డా. తర్వాత మళ్ళీ వేసుకోలేదు. దానికీ దీనికీ సంబంధం లేదేమో. నీకు అబద్ధం చెప్పానని మనసు పీకుతోంది, అందుకే చెబుతున్నా."

తడి దుప్పటిలోంచి బొట్లు బొట్లుగా నీళ్ళు కారుతున్నాయి. నవ్వుతుందేమోనని ఆయన ప్రాణం ఉగ్గబట్టుకున్నాడు.

"పట్టీ మీ దగ్గరుందా?" అంది చివరికి.

ఆయన వెంట తెచ్చుకున్న కళ్ళజోడు పెట్టె తెరిచి, పట్టీ తీసి, మందు పేరు ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు. అవతల ఆమె ఫోనులో ఏదో వెతికింది. తర్వాత గబగబా చదివింది. "లేచి నిలబడినప్పుడు రక్తపోటు పడిపోవచ్చు. మొదటి రోజుల్లో కళ్ళు తిరిగి స్పృహ తప్పవచ్చు. అందుకే పడుకునేముందు వేసుకోవాలి."

ఆయన పట్టీని మళ్ళీ పెట్టెలో పెట్టి మూత వేశాడు.

"ఇదా మావయ్యగారూ" అంది. "మూడు నెలలు... గడియ లేని బాత్రూంలో... దగ్గుతూ పాటలు పాడుతుంటే, మందు మత్తు తలకెక్కిందనుకుని భయపడి చచ్చాను నేను."

ఏడుస్తోందో నవ్వుతోందో ఆయనకి తెలియలేదు. రెండూ అయ్యుండొచ్చు. దుప్పటి అంచు కింద ఆమె పాదాలు కదలకుండా అలాగే ఉన్నాయి. ఆయన తియ్యమనలేదు, ఆమె తియ్యలేదు. ఆ సాయంత్రం కొడుకు స్క్రూడ్రైవరు పట్టుకుని బాత్రూం తలుపు దగ్గర కూర్చున్నాడు. గడియ బిగించి, రెండుసార్లు వేసి తీసి చూసి, లేచి వెళ్ళాడు.

రెండోసారి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ ఆయన నసుగుతుండడం చూసి, కోడల్ని బయట కూర్చోమనబోయింది.

"ఉండనీండమ్మా" అన్నాడు నిదానంగారు. "దానికి తెలుసు. లెక్కంతా అదే కట్టింది."

సంగతి విని ఆవిడ నుదురు రుద్దుకుంది. "తప్పు నాదండీ. అలాంటి ప్రశ్న మిమ్మల్ని ఒంటరిగా అడగాల్సింది. కోడలి ముందు ఏ మగాడు చెబుతాడు?"

పడుకోబెట్టి రక్తపోటు చూశారు. నిలబెట్టి చూశారు. మందు లేకుండానే కొంచెం దిగుతోంది. పరగడుపున, ఆ మాత్ర వేసుకుని, ముప్పావుగంట కూర్చుని గబుక్కున లేస్తే ఎంత దిగి ఉంటుందో ఊహించడం కష్టమేమీ కాదు. గీతలు చూసిన ఇంకో డాక్టరు కూడా అది నిద్రమత్తు గీతే అన్నాడు. ఇక మళ్ళీ పడకపోవడం మూర్ఛ మందు వల్ల కాదు, ఈ మాత్ర మానేయడం వల్లే అయ్యుంటుందంది డాక్టరమ్మ.

"అయితే నాకేం లేనట్టేనా?" అన్నాడు ఆయన, కుర్చీలో ముందుకి జరిగి.

"లేనట్టే అని నూటికి నూరూ చెప్పను. ఆ ఎనిమిది టికెట్లలో ఉన్న ఒక్కటి ఇప్పుడు చాలా పల్చబడిపోయింది. సున్న కాలేదు. నాకూ సున్న కాదు, మీ కోడలికీ సున్న కాదు." మందుల చీటీ మీద వారం వారం ఎంత తగ్గించాలో రాసింది. "రెండు నెలల్లో ఇది పూర్తిగా ఆపుదాం. మూత్రానికి వేరే మాత్ర రాయిస్తాను. తర్వాత ఆరు నెలలు చూసి, బోర్డుకి నేనే వస్తాను."

ఆ ఎనిమిది నెలలూ ఆయన కౌంటర్లోనే కూర్చున్నాడు. మందు తగ్గేకొద్దీ నేల గట్టిపడింది. కళ్ళు తెరుచుకున్నాయి. పొద్దున మంచం మీంచి లేచేముందు రెండు నిమిషాలు కూర్చునేవాడు. కోడలు మంచినీళ్ళతోపాటు మాత్ర కూడా తెచ్చి పెట్టేది, ఏ మాత్రో అనకుండా. మొదటి వారం ఆయన తల పక్కకి తిప్పుకున్నాడు. రెండో వారంనుంచి "నీళ్ళు ఇన్నెందుకమ్మా, మళ్ళీ నేనే కదా లేవాలి" అని విసుక్కోవడం మొదలుపెట్టాడు. కుట్టుమిషను కోసం మాత్రం ఎవరూ రాలేదు.

బోర్డులో ముగ్గురు కూర్చున్నారు. వాళ్ళలో లావుపాటాయన కాగితాలు పక్కకి నెట్టి, "ఈయన మళ్ళీ పడిపోడని రాసిస్తారా?" అని అడిగాడు.

"రాయను" అంది డాక్టరమ్మ. "తమరు ఈ కుర్చీలోంచి లేచినప్పుడు పడిపోరని కూడా రాయను. ఈ వయసువాళ్ళందరికీ ఉండే ప్రమాదం కన్నా ఈయనకి ఎక్కువ లేదని మాత్రం రాస్తాను. ఎందుకో, ఎలా లెక్కకట్టానో కూడా రాశాను, రెండో పేజీలో ఉంది."

పక్కనున్న ఇద్దరూ నవ్వు ఆపుకున్నారు. లావుపాటాయన రెండో పేజీ తిప్పి చదివాడు. మళ్ళీ మొదటినుంచీ చదివాడు. సంతకం పెట్టాడు.

తీరా బండి చేతికిచ్చాక నిదానంగారికి భయం పట్టుకుంది. మూడు రోజులు ఏదో వంక పెట్టి డ్యూటీ ఎక్కలేదు. నాలుగో రోజు పొద్దున కోడలితో అన్నాడు.

"వెనకాల అరవైమంది ఉంటారు తల్లీ. ఆ పల్చటి టికెట్టు నాదే అయితే?"

ఆమె స్టవ్వు ఆపింది. కొంగుతో చెయ్యి తుడుచుకుని ఫ్యాక్టరీకి ఫోను చేసి, ఇవాళ రానని చెప్పింది. తర్వాత గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంది.

"పదండి. నేనూ వస్తాను."

డ్రైవరు సీటు వెనక కిటికీ పక్కన కూర్చుంది. మొదటి స్టాపు చేరేసరికి ఆయన చొక్కా చెమటకి వీపుకి అంటుకుపోయింది. రెండో స్టాపులో ఒక ముసలాయన చేతికర్రతో ఎక్కాడు. ఆయన సీటు వెతుక్కుని కూర్చునేదాకా బస్సు కదల్లేదు. వెనకనుంచి ఎవరో "పోనీవయ్యా" అని గొణిగారు. ఆ గొణుగుడు వినేసరికి నిదానంగారికి ఎక్కడలేని ప్రాణం లేచొచ్చింది. గేరు మార్చాడు. పెద్ద మలుపు దాటింది, వంతెన దాటింది, బడి దగ్గర పిల్లల గుంపు దిగింది.

చివరి స్టాపు దగ్గర పడుతుండగా అద్దంలోకి చూశాడు. కోడలు కిటికీకి తల ఆనించి నిద్రపోతోంది. నోరు కొంచెం తెరుచుకుంది. సంచి ఒళ్ళోంచి జారి సీటు మీద పడింది. బస్సు కుదుపుకి తల ఊగుతున్నా మెలకువ రావడం లేదు.

కండక్టరమ్మ టికెట్లు కొడుతూ ముందుకొచ్చింది. "ఏ స్టాపులో దిగుద్ది అన్నా, లేపనా?"

"లేపకు" అన్నాడు ఆయన, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "డిపో దాకా వస్తుంది."